క్విక్ డిటాచ్ మౌంటు గారికి, కేరాఫ్ బీరువా

విజయవాడ, పటమట నుంచి.

మహారాజశ్రీ క్విక్ డిటాచ్ మౌంటు గారికి విన్నవించుకునేది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం, ఎండలూ క్షేమం. తమరు మా బావమరిది ఇంట్లో, కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డలో చుట్టుకుని, బీరువా పై అరలో పట్టుచీరల పక్కన సుఖంగా ఉన్నారని విన్నాను. రైఫిల్ మీద గురి చూసే టెలిస్కోపుని పట్టుకుని ఉండాల్సిన వారు చీరల పక్కన ఎందుకున్నారని అడగను. ఊడిరావడమే కదా తమరి విద్య.

తమరి గొప్ప నాకు తెలియక కాదు. లీవరు ఎత్తితే టెలిస్కోపు చేతిలోకి వస్తుంది. మళ్ళీ పెట్టి లీవరు మూస్తే ఎక్కడిదక్కడ ఎక్కి కూర్చుంటుంది, గురి వెంట్రుకవాసి కూడా తప్పదు అంటారు. సంక్రాంతికి అలిగి వెళ్ళిన అల్లుడు కూడా తిరిగొచ్చాక అదే పీట మీద అదే మూలకి కూర్చోడు. తమరు కూర్చుంటారట. ఆ ఒక్క మాటకే మా బావమరిది పడిపోయాడు. స్క్రూలతో బిగించే మామూలు రింగులకి మూడింతలు పెట్టి తమరిని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంతకీ తమరు ఎక్కిన రథం ఏమిటో చూసుకున్నారా? 0.177 ఎయిర్ రైఫిల్. గుండు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ లోపు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం దానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. నూజివీడు దగ్గర వాళ్ళ మామిడితోటలో, మట్టిగట్టుకి ఆనించిన అట్టముక్క మీద, 25 మీటర్ల నుంచి కాలుస్తాడు. తమరు ఊడి మళ్ళీ ఎక్కినప్పుడు ఒక మినిట్ ఆఫ్ యాంగిల్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, తేడా వచ్చిందే అనుకుందాం. 100 మీటర్ల దగ్గర అది 2.9 సెంటీమీటర్లు. 25 మీటర్ల దగ్గర 7 మిల్లీమీటర్లు. మావాడి గుళ్ళు అట్టంతా పరుచుకుని పడతాయి. వాటి మధ్య తమరి ఏడు మిల్లీమీటర్లని వెతికి పట్టుకోవడం సీఐడీ వాళ్ళ వల్ల కూడా కాదు. తమరు తప్పు చేసినా దొరకరు, ఒప్పు చేసినా పేరు రాదు.

ఇంకో చిక్కుంది. తమరు ఎక్కాలంటే రైఫిల్ మీద పికటినీ రైలు, అంటే అడ్డంగా వరస గాళ్ళున్న పట్టా కావాలి. 1995లో అమెరికా సైన్యం లెక్కకట్టి ఇచ్చిన కొలత అది. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, గాడికీ గాడికీ మధ్య దూరం సరిగ్గా సెంటీమీటరు అనుకోండి. మావాడి రైఫిల్‌కి ఉన్నది 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్, అంటే రెండు పక్కలా నిలువునా కోసిన సన్న గాడి. ఈ రెంటికీ పొత్తు కుదరదు కాబట్టి మధ్యలో ఒక అడాప్టరు వచ్చింది. ఆ అడాప్టరుకి నాలుగు స్క్రూలు. అంటే, ఎన్నటికీ కదలకూడదని స్క్రూలతో బిగించిన ముక్క మీద, ఎప్పుడంటే అప్పుడు ఊడొచ్చే తమరు. దానికితోడు మావాడిది స్ప్రింగ్‌తో గాలి నొక్కి కాల్చే రైఫిల్. దాని తన్నుడు రెండువైపులా ఉంటుంది, మొదట వెనక్కి, ఆ వెంటనే ముందుకి. పెద్ద రైఫిళ్ళ మీద నిక్షేపంగా పనిచేసిన టెలిస్కోపులు కూడా దీని మీద కొన్నాళ్ళకే లోపల వదులైపోతాయి. అలాంటి చోట ఇంకో కీలు పెట్టుకోవడం ఎందుకయ్యా అంటే, “తీసుకెళ్ళడానికి వీలుగా ఉంటుంది బావా” అంటాడు. పటమట నుంచి నూజివీడుకి కారు డిక్కీలో.

దీనికన్నా పెద్ద భ్రమ ఒకటుంది. “ఒకే టెలిస్కోపు బావా, రెండు రైఫిళ్ళకి మార్చుకోవచ్చు. జీరో దాంట్లోనే ఉంటుందిగా.” ఉండదు. జీరో అనేది, అంటే గురిపెట్టిన చోటే గుండు పడేట్టు చేసుకున్న సర్దుబాటు, టెలిస్కోపు ఆస్తీ కాదు, తమరి ఆస్తీ కాదు. ఆ గొట్టం, ఆ రైలు, ఆ గుండు, ఆ దూరం అన్నీ కలిసి రాసుకున్న ఉమ్మడి దస్తావేజు అది. పక్క రైఫిల్ మీద పెట్టగానే రద్దయిపోతుంది. ఈ సంగతి తమరి డబ్బా మీద పెద్దక్షరాలతో అచ్చేయిస్తే పుణ్యం ఉంటుంది. అమ్మకం తగ్గుతుందనుకోండి.

అన్నట్టు, ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీకి అసలు టెలిస్కోపే ఒప్పుకోరు. చిన్న రంధ్రంలోంచి చూసి కొట్టాలి. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో బంగారం తెచ్చింది అలా చూసే. మావాడికి ఈ మాట చెబితే, “ఆయన ప్రొఫెషనల్ బావా, మనకి సౌకర్యాలు కావాలి” అన్నాడు.

ఇక మా ఫిక్స్‌డ్ మౌంటు, అదే స్క్రూలతో బిగించే రింగుల సంగతి. మావాళ్ళు సత్యహరిశ్చంద్రులేమీ కాదు. ఫిక్స్‌డ్‌ని పాడుచేసేది మౌంటు కాదు, మనిషి చెయ్యి. ఎంత బిగించాలంటే “గట్టిగా” అని చెప్పే ఊరు మాది. ఆటోనగర్‌లో లారీ చక్రం నట్టుకి ఐదారు వందల న్యూటన్ మీటర్ల బిగువు పట్టాలి. టెలిస్కోపు రింగు స్క్రూకి పట్టేది రెండు. రెండు వందలు కాదు, రెండే. ఆటోనగర్ చెయ్యి రింగు మీద పడితే “ఇంకొక్క పట్టు పడదాం గురూ” అంటుంది, ఎలెన్ కీ వంగేదాకా తిప్పుతుంది. ట్యూబు నొక్కుకుపోతుంది. లోపల సర్దుకునే భాగం ఇరుక్కుని, పైన గురి సర్దే మరని ఎన్ని క్లిక్కులు తిప్పినా గురి కదలదు. అప్పుడు తిట్లన్నీ టెలిస్కోపు చేసిన కంపెనీకి.

పద్ధతి అంత కష్టమైనదేం కాదు. రింగు స్క్రూలు నాలుగూ ముందు వేళ్ళతో తిప్పి వదిలేయాలి. తర్వాత ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించాలి. రింగు పైముక్కకీ కిందిముక్కకీ మధ్య సందు రెండువైపులా సమానంగా ఉందో లేదో వెలుతురుకి పెట్టి చూడాలి. ఆఖర్న చిన్న టార్క్ డ్రైవరు, అంటే పెట్టిన బిగువు రాగానే చప్పుడు చేసే స్క్రూడ్రైవరు, టక్కుమనగానే చెయ్యి తీసేయాలి. ఆ టక్కు విన్నాక కూడా ఇంకొంచెం తిప్పేవాడిని ఏ మౌంటూ కాపాడలేదు. ఇంత చేశాక ఆ టెలిస్కోపు ఏళ్ళ తరబడి కదలదు. బరువు తక్కువ, ఖర్చు తక్కువ, చొక్కా చేతికి తగులుకునే లీవరు ఉండదు. కిట్టనివాళ్ళు ఒక్కటంటారు, తీస్తే మళ్ళీ జీరో చేసుకోవాలని. నిజమే. తీయకపోతే సరి.

కానీ తీయక తప్పని రోజొకటి ఉంది మా రాష్ట్రంలో. అక్కడ తమరికి రెండు చేతులా నమస్కారం.

గుంటూరులో మా పెదనాన్నకి లైసెన్సు ఉన్న రైఫిల్ ఉంది, దాని మీద ఉన్నదీ తమరి జాతివారే. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. కోడ్ వస్తే లైసెన్సు తుపాకులు చాలావరకు స్టేషన్లో అప్పగించమంటారు. మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. మండు వేసవంతా రైఫిల్ ట్యాగు కట్టించుకుని, సాటి తుపాకుల భుజాలు రాసుకుంటూ గోడకి ఆనుకుని ఉంది. అప్పగించే ముందురోజు పెదనాన్న తమరి లీవరు ఎత్తి, టెలిస్కోపు ఊడదీసి ఇంట్లోనే దాచుకున్నాడు. పార్టీలు మారిన నాయకులు, గుర్తులు మారిన జెండాలు, కూటములు కట్టిన పార్టీలు అన్నీ అయ్యాక రైఫిల్ ఇంటికొచ్చింది. ఆయన రైలుని గుడ్డతో తుడిచి, తెల్ల పెయింటుతో గుర్తు పెట్టుకున్న అదే గాడిలో తమరిని పెట్టి, గాడిలో ముందుకి నెట్టి పట్టుకుని లీవరు మూశాడు. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి పోతుంది, టెలిస్కోపు ఉన్నచోటే ఉండిపోదామని చూస్తుంది కాబట్టి ముందే అటు నెట్టి ఉంచాలి. ఇది తెలిసి పెట్టేవాళ్ళు పదిమందిలో ఒకరు. మిగతా తొమ్మిదిమంది తమరిని మోసగాడంటారు.

రేంజికి వెళ్ళి చూసుకుంటే గురి ఉన్నచోటే ఉంది. తమరు మాట నిలబెట్టుకున్నారు, ఆ ఎన్నికల్లో అందరూ నిలబెట్టుకున్నారని చెప్పలేను. అయితే “చూసుకుంటే” అన్న మాట గమనించారా? తమరెంత పెద్దమనిషైనా కాల్చి చూసుకోకుండా ఎవరూ నమ్మరు. తూటాలకేమో లైసెన్సులో లెక్క ఉంటుంది. ఫిక్స్‌డ్ అయితే మొదటినుంచీ జీరో చేసుకోవాలి, ఆ లెక్కలో చాలా కరిగిపోతాయి. తమరైతే నాలుగైదు తూటాలతో సరిపెట్టారు. ఆ మిగిలిన తూటాలే తమరి జీతం. పెదనాన్న ఇంట్లో తమరికి ఉద్యోగం ఉంది. మా బావమరిది ఇంట్లో తమరిది బీరువా కొలువు.

కాబట్టి మనవి ఏమిటంటే, మావాడు ఈసారి తమరిని బయటికి తీసినప్పుడు తమరే నోరు తెరిచి అడగండి, “బాబూ, నన్ను ఎందుకు ఊడదీస్తావు?” అని. “స్టేషన్లో అప్పగించాలి” అన్నా, “టెలిస్కోపు పగిలితే రైఫిల్‌కున్న మామూలు గురి సైట్లతో కొట్టాలి” అన్నా అక్కడే ఉండండి. “చూడ్డానికి బాగుంటుంది” అంటే పెదనాన్న ఇంటి అడ్రసు నేనిస్తాను. ఆయనకి రెండో రైఫిల్ ఉంది, దాని టెలిస్కోపు ఇంకా స్క్రూల మీదే ఉంది.

ఇట్లు,
స్క్రూల పార్టీ నుంచి, తమరి శ్రేయోభిలాషి.

తా.క.: ఎక్కడికి వెళ్ళినా లీవరు ఎడమవైపు ఉండేట్టు పెట్టించుకోండి. పెదనాన్నది బోల్టు రైఫిల్. కుడివైపు పెడితే బోల్టు లాగినప్పుడల్లా ఆయన వేళ్ళకి తగులుతుంది, ఆయన తిట్లు గుంటూరు తిట్లు.