ఎనిమిది ఎడమ బ్రాకెట్లు: బిల్ ఆఫ్ మెటీరియల్స్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బిల్ ఆఫ్ మెటీరియల్స్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. మీకేం, ఏ యంత్రానికి ఏ పార్టు ఎన్ని కావాలో చెప్పే జాబితా మీరు, కుశలంగానే ఉంటారు. అప్‌డేట్ నొక్కగానే వరస నంబర్లు వేసుకుని, తల దువ్వుకుని బడికి బయల్దేరిన పిల్లాడిలా తయారవుతారు. మిమ్మల్ని నమ్మి ఆర్డర్ పెట్టినవాళ్ల కుశలమే కాస్త అటూ ఇటూగా ఉంది.

నా గోడు డిరైవ్డ్ పార్టుల గురించి. ఉన్న పార్టు మోడల్‌ని తెచ్చుకుని, దాని మీద ఇంకాస్త పనిచేసి, వేరే ఫైలుగా పెట్టుకుంటాం కదా, అవి. ఇన్వెంటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో డిరైవ్ అంటారు, సాలిడ్‌వర్క్స్‌లో ఇన్సర్ట్ పార్ట్, క్రియోలో ఇన్హెరిటెన్స్. పేరేదైనా, లింకు తెంచనంతవరకు పిల్ల ఫైలు తల్లి ఫైలును మరిచిపోదు. మరిచిపోయేది మీరే.

మొన్నటి గేర్‌బాక్స్ హౌసింగ్ (బయటి పెట్టె) సంగతి చూడండి. పోత పోసిన కాస్టింగ్ ఒక ఫైలు. దాన్ని డిరైవ్ చేసి బేరింగ్ బోర్లు, బోల్టు రంధ్రాలు పెట్టింది ఇంకో ఫైలు. పార్టులన్నీ కూర్చిన అసెంబ్లీలోకి వెళ్లింది రెండోది కాబట్టి మీ దగ్గర ఒకే వరస: మెషిన్డ్ హౌసింగ్, 4. కాస్టింగ్ ఊసే లేదు. మీలో లేనిది పర్చేజ్ వాళ్లు కొనరు, కొనకూడదు కూడా. మెషిన్ షాపులో ఫిక్స్చర్ బిగించారు, టూల్స్ సెట్ చేశారు, ప్రోగ్రామ్ ఎక్కించారు. అప్పుడు ఆపరేటర్ నా వైపు తిరిగి, "సార్, పీసు ఏదండీ?" అన్నాడు.

సరే, మీ కంట పడాలని కాస్టింగ్‌ని కూడా అసెంబ్లీలో ఓ మూల పెట్టాం. మీరు మహా శ్రద్ధగా హౌసింగ్ బరువూ కలిపారు, ఆ హౌసింగ్ ఏ కాస్టింగ్‌లోంచి వచ్చిందో దాని బరువూ కలిపారు. దుంగ బరువూ, ఆ దుంగతో చేసిన కుర్చీ బరువూ కలిపి తూచినట్టు. ఆ మొత్తం చూసి ఎవరో లిఫ్టింగ్ హుక్ ఒక సైజు పెంచారు. పోనీ, అది మంచికే అనుకుందాం.

బ్రాకెట్ల దగ్గర మాత్రం మంచికే అనుకోవడం కుదరలేదు. గేర్‌బాక్స్‌కి ఎడమ వైపొకటి, కుడి వైపొకటి. ఎడమది గీసి, మిర్రర్ కొట్టి కుడిది డిరైవ్ చేశాను. దాంతోపాటు ప్రాపర్టీలూ దిగుమతి అయ్యాయి, పార్ట్ నంబర్‌తో సహా. ఒకే నంబర్ ఉన్న రెండు వరసలు కనిపించేసరికి మీరు చక్కగా కలిపేసి, నాలుగూ నాలుగూ ఎనిమిది అన్నారు. ఎనిమిదీ ఎడమవే వచ్చాయి. ఫిట్టర్ ఒకదాన్ని తీసుకుని బోర్లించి చూశాడు, తలకిందులు చేసి చూశాడు, చివరికి రంధ్రాలు కుదిరేలా తిప్పాడు. అప్పుడు ఫ్లాంజ్ (మడిచిన అంచు) బయటికి ఉండాల్సింది లోపలికి పోయింది. ఎడమకాలి చెప్పును ఎన్నిసార్లు తిప్పితే కుడికాలికి పడుతుంది? (అసలు కుడివే చేయించి ఉంటే ఇంకో ముచ్చట చూసేవాళ్లం. మిర్రర్ కొట్టడంతో బ్రాకెట్ ముఖం మీద చెక్కిన అక్షరాలూ అద్దంలో లాగా తిరగబడ్డాయి.)

బోల్టు కథ క్లుప్తంగా చెబుతాను. 60 మిల్లీమీటర్ల ఎం10 బోల్టును డిరైవ్ చేసి 52కి కోశాం. పర్చేజ్డ్, అంటే బయట కొనేది అన్న గుర్తు అలాగే ఉండిపోయింది. 52 పొడవు బోల్టు కోసం వెతికితే ఎక్కడ దొరుకుతుంది? ప్రామాణిక పొడవుల వరసలో 50 తర్వాత 55. కొన్న వస్తువును మార్చి వాడుకోవడం కొత్త విద్యేమీ కాదు. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌ల రకాలు చెప్పే ఏఎస్ఎంఈ వై14.24 ప్రమాణంలో అలాంటిదానికి ఆల్టర్డ్ ఐటమ్ డ్రాయింగ్ అని ఒక రకమే ఉంది. అంటే కాగితానికి తెలిసిన సంగతే, మీకు తెలియలేదు.

తప్పంతా మీదేనని అనను. 1950ల్లో ఆండ్రూ వాజోని అనే గణితవేత్త, ఏ పార్టు ఏ అసెంబ్లీలోకి ఎన్ని వెళ్తుందో చూపించే పటానికి పేరు పెడుతూ, ఆ ఘనత జెపార్ట్‌జాట్ గోజింటో అనే ఇటలీ పండితుడిదని రాశాడు. అలాంటి పండితుడెవరూ లేడు. 'ద పార్ట్ దట్ గోస్ ఇంటూ' అన్నదాన్ని గబగబా అంటే వచ్చిన పేరది. మీ వంశంలో మొదటి నుంచీ ఉన్న ప్రశ్న ఒక్కటే, ఎందులోకి వెళ్తుంది? ఎందులోంచి వచ్చింది అని అడగడం మీకెవరూ నేర్పలేదు.

నేర్పినా చిక్కేననుకోండి. సందుల్లోంచి నూనె కారకుండా పెట్టే గ్యాస్కెట్ ఆకారం కూడా హౌసింగ్ అంచు నుంచే డిరైవ్ చేశాం. ప్రతి లింకునీ సరుకుగా లెక్కేస్తే, అర మిల్లీమీటరు మందం గ్యాస్కెట్ చేయడానికి ఒక హౌసింగ్ కొనమంటారు మీరు. ఆకారం అరువు తెచ్చుకోవడం వేరు, ఒళ్లే అక్కణ్ణుంచి రావడం వేరు. డిరైవ్ చేసే క్షణంలో ఆ తేడా గీసేవాడికి తెలుసు. ఆ క్షణంలోనే ఒక్క గడి పెట్టి, ఆకారమా, సరుకా అని అడగండి. సరుకైతే కాస్టింగ్‌ని మెషిన్డ్ హౌసింగ్ కింద ఒక మెట్టు దించి, ఒకటికి ఒకటి అని రాసుకోండి, బరువులో మాత్రం కలపకండి. కాస్టింగ్ రివిజన్ మారిన రోజున దాని పిల్లలెవరో కూడా చెప్పగలిగితే మీ పేరు చెప్పుకుని నిద్రపోతాం. ప్రస్తుతం ఆ చిట్టా అంతా మా సీనియర్ ఒకాయన బుర్రలో ఉంది. ఆయన సెలవు పెడితే నాకు టెన్షన్.

మిగిలిపోయిన నాలుగు ఎడమ బ్రాకెట్లలో ఒకటి నా టేబుల్ మీద, కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాను. దాని కింద ఉన్న కాగితం మీరే, రివిజన్ సి.

ఇట్లు,
టైటిల్ బ్లాక్‌లో 'గీసినవారు' అన్న గడిలో ఉన్నవాడు.
('సరిచూసినవారు' గడిలోనూ నా పొడి అక్షరాలే ఉన్నాయి. ఆ సంగతి ఇప్పుడెందుకు లెండి.)