అంగుళం అంటే ఎంతమ్మే?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పొలం గట్టు అడుగు జరిగితే ఇద్దరు రైతులు కొట్టుకుంటారు. ఆడపిల్ల జడ అంగుళం తగ్గితే వీధి మొత్తం పంచాయితీకి కూర్చుంటుంది. గట్టు తగాదా అయితే సర్వేయరు గొలుసు పట్టుకుని వస్తాడు. జడ తగాదాకు గొలుసు లేదు, ఎవరి కన్ను వాళ్లకు కొలబద్ద. "పిరుదులు దాటి ఉండే జుట్టు, నడుం కాడికి తెచ్చుకున్నావే! పార్లర్లకి పోబాకమ్మే అంటే వింటేనా" అనే పెద్దమ్మది ఒక కొలత. "ఊరికే కొసలు తీశానక్కా, అంగుళమే" అనే పార్లర్ అమ్మాయిది ఇంకో కొలత. ఇంతకీ జుట్టు మొలిచింది ఎవరి నెత్తిన అన్నది మాత్రం రికార్డుల్లో ఎక్కడా దొరకదు.

ఇంత పెద్ద ప్రజా సమస్య మీద ఇప్పటిదాకా ఒక విధానమంటూ లేకపోవడం విచారకరం. బారెడు జుట్టున్న మనిషిని ఉమ్మడి ఆస్తిగా ప్రకటించి గ్రామకంఠంలో కలిపేస్తే సగం గొడవ వదులుతుంది. వ్యవహారం ఇప్పుడూ అట్టాగే నడుస్తోంది గదా. కాకపోతే ఆస్తి ఉమ్మడి అయినప్పుడు శిస్తు కూడా ఉమ్మడిగానే కట్టాలి. వారానికో తలంటు, తలంటుకు ఇరవై కుంకుడుకాయలు, ఆరడానికి రెండు గంటలు, చిక్కు తీయడానికి ముప్పావుగంట. ఇందులో పెద్దమ్మ వంతు ఏ వారమో, ఎదురింటి అత్త వంతు ఏ వారమో కాగితం మీద రాసి గోడకు అంటించాలి. అంటించిన మర్నాడే "అంత జుట్టు ఎందుకులేమ్మే, కాస్త తీయించుకోరాదూ" అని వాళ్లే అంటారు.

జుట్టు నెలకు అరంగుళం పెరుగుతుంది, అటూ ఇటూగా. ఏడాదికి ఆరు అంగుళాలు. అంటే 36 అంగుళాల జుట్టు కొసన వేలాడే ముక్క ఆరేళ్ల నాటిది. ఆరు రోహిణి కార్తెలు, ఆరేళ్ల ఉప్పు బోరు నీళ్లు, రోజుకు రెండుసార్లే అనుకున్నా నాలుగు వేలకు పైగా దువ్వుళ్లు చూసిన ముక్క. రోజూ కట్టిన చీర ఆరేళ్లకు మసిగుడ్డ అవుతుంది, దాని మీద మనకేం కోపం రాదు. వెంట్రుక మాత్రం పట్టులా నిగనిగలాడాలి. పైగా ప్రతి వెంట్రుకా అంత దూరం రాదు. ఒక్కోటి రెండేళ్ల నుంచి ఏడేళ్ల దాకా పెరిగి, గడువు తీరగానే రాలిపోతుంది. రోజుకు యాభై నుంచి వంద రాలడం మామూలే. నెల్లూరులో రైలెక్కిన వాళ్లంతా హౌరా దాకా పోరు. కావలిలో కొందరు, ఒంగోలులో కొందరు, చీరాలలో కొందరు దిగిపోతారు. కొస పలచబడేది అందుకే, దిష్టి తగిలి కాదు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసినంత మాత్రాన దిగిపోయినవాళ్లు మళ్లీ రైలెక్కరు.

కాబట్టి కత్తెర ఎక్కడ పెట్టాలో పెద్దల్ని కాదు, దారాన్ని అడగాలి. జుట్టంతా మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేసి, దాని కిందే దారం చుట్టి చుట్టుకొలత తీయండి. నాలుగు అంగుళాలు వచ్చిందనుకుందాం. అక్కణ్ణుంచి దారాన్ని కిందికి జరుపుకుంటూ రండి. రెండంగుళాలు వచ్చిన చోట జుట్టు సగమైందని అందరూ అనుకుంటారు. కాదు. చుట్టుకొలత సగమైతే వెంట్రుకలు పావుకు పడిపోయినట్టు. బడిలో చదివి మర్చిపోయిన వృత్త వైశాల్యం లెక్కే ఇది. వెంట్రుకలు నిజంగా సగం మిగిలిన చోటు 2.8 అంగుళాల దగ్గర దొరుకుతుంది. గీత అక్కడ పడితే శ్రేష్ఠం. మనసొప్పకపోతే రెండంగుళాల దగ్గర సర్దుకోవచ్చు. అంతకన్నా కింద వేలాడేదాన్ని ఇంట్లోవాళ్లు బారెడు జడ అంటారు, వెనక నడిచేవాళ్లు ఎలుక తోక అంటారు. ఒంగోలు గిత్తను చూడండి. తోక ఎంత సన్నగా దిగినా కొసన నల్లకుచ్చు ఒత్తుగా ఉంటుంది గనకే దానికా ఠీవి. గిత్తకు ఆ కుచ్చు పుట్టుకతో వస్తుంది, మనకు కత్తెర పెట్టాలి.

ఇక ఆకారం. పార్లర్ గోడ మీది బొమ్మల్లో అమ్మాయిలందరూ జుట్టు విరబోసుకునే ఉంటారు, గాలి కూడా వాళ్లకు అనువైన పక్కనుంచే వీస్తుంటుంది. మన వైపు ఏడాదిలో మూడొందల అరవై రోజులు జడే. విరబోసుకునేది ఫొటోలకీ, తలంటి ఆరబెట్టుకునేటప్పుడూ. అయినా ఆ ఐదు రోజులకు పనికొచ్చే ఆకారమే ఎంచుకుంటాం, సంక్రాంతి ముగ్గు బాగా పడాలని ఇంటి ప్లాను మార్చుకున్నట్టు.

స్ట్రెయిట్ కట్ అంటే మార్కాపురం పలక అంచు. అన్ని వెంట్రుకలూ ఒకేచోట ఆగుతాయి గనక పలచటి జుట్టు కూడా అంచున ఒత్తుగా కనబడుతుంది, జడ కింది దాకా లావు నిలుస్తుంది. చిక్కల్లా ఆ గీత ఒంటి మీద ఎక్కడ పడుతుందన్నదే. పిరుదుల్లో వెడల్పాటి చోట పడిందంటే చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగి, ఉన్నదానికంటే వెడల్పు చూపిస్తుంది. రెండంగుళాలు పైకో కిందికో ఆపమనాలి. పొట్టిగా ఉన్నవాళ్లకు తొడల దాకా తిన్నటి అంచు ఇస్తే వెనక నుంచి గుమ్మం కర్టెన్ నడిచిపోతున్నట్టు ఉంటుంది. అలలున్న జుట్టులో ఈ గీత అసలు కనబడదు, డబ్బు దండగ.

యూ కట్‌లో మధ్య కన్నా పక్కలు రెండు మూడు అంగుళాలు పైకి ఉంటే చాలు. జడేస్తే కొస నున్నగా దిగుతుంది, విరబోస్తే వీపుకు ఒదుగుతుంది. ఎటూ తేల్చుకోలేనివాళ్లు కళ్లు మూసుకుని దీనికి ఓటెయ్యొచ్చు.

వీ కట్‌లో పక్కలు అయిదారు అంగుళాలు లేస్తాయి. ఒత్తైన జుట్టుకే ఇది అందం. పలచటి జుట్టుకు వేస్తే మధ్యన నాలుగు పోగులు మిగిలి, అసలే సన్నటి కొస ఇంకా సన్నబడుతుంది. ఇంకో ముప్పు కూడా ఉంది. రేపు మనసు మారి తిన్నగా కావాలంటే, మధ్య మొనను పక్కల ఎత్తుకు తేవాలి. ఆరంగుళాల వీ తిన్నబడాలంటే ఆరంగుళాలూ పోవాల్సిందే, ఏడాది పెంపకం. పార్లర్‌లో అంగుళం కాస్తా ఆరంగుళాలైన ఉదంతాల్లో చాలావాటి వెనక మోసం లేదు, ఈ లెక్కే ఉంది. "అంతా సమానంగా చెయ్యి, కానీ అంగుళమే తియ్యి" అని ఒకే నోటితో చెబితే కత్తెర మొదటి ముక్కే వింటుంది.

లేయర్లంటే పాయల్ని ఒక్కో పొడవున మెట్లు మెట్లుగా కోయడం, వాటి సంగతి వేరు. అది జుట్టుకు జరిగే జిల్లాల పునర్విభజన. 2022లో కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినట్టు, నడుముకు చెందిన పాయను తీసి భుజానికి కలుపుతారు. ప్రభుత్వం తలచుకుంటే మండలాన్ని మళ్లీ ఎటైనా మార్చొచ్చు. భుజానికి చేర్చిన పాయ తిరిగి నడుముకు రావాలంటే మాత్రం మూడేళ్లు. విరబోస్తే లేయర్లు బాగుంటాయి, బరువు తగ్గి మాడు మీద జుట్టు కాస్త లేచి నిలబడుతుంది, కాదనడం లేదు. కానీ జడేసి చూడండి. ప్రతి మలుపు దగ్గరా పొట్టి పాయల కొసలు బయటికి పొడుచుకొచ్చి, జడ కాస్తా జెర్రి అవుతుంది. పెళ్లినాడు ఆ జెర్రి మీదే పూలజడ కట్టాలి. పూలజడ నిలవాలంటే లోపలి జడ కింది దాకా ఒకే లావుగా, బిగువుగా ఉండాలి. లేయర్ల జడలో కింది సగం తోకే గనక మల్లెల బరువుకు మొత్తం జారుతుంది, సవరం తెప్పించాల్సి వస్తుంది. సొంత జుట్టు కోసినందుకు ఒకసారి, ఎవరిదో జుట్టు అతికినందుకు ఇంకోసారి డబ్బు కట్టడమన్నమాట.

మొహానికి ఏదో ఒకటి ఉండాల్సిందే అనిపిస్తే, ముందు రెండు పక్కలా చిటికెనవేలంత పాయ తీసి మెడ కింది ఎముక దాటాక ఆపమనండి. గుండ్రటి మొహానికి చెంపల దగ్గర ఆపితే బుగ్గలకు గీత గీసి చూపించినట్టే. ఎముక దాటిన పాయ అయితే ఉక్కపోత రోజున పిన్ను పెట్టి జడలోకి దోపేయొచ్చు.

"కత్తిరిస్తే బాగా పెరుగుద్ది, అందులోనూ పౌర్ణమికి కత్తిరిస్తే" అనే సిద్ధాంతం కూడా మన జిల్లాల్లో బలంగానే ఉంది. పెన్నా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడ గట్టు కోస్తే ఎక్కడో ఎగువనున్న సోమశిల డ్యాంలో నీటిమట్టం పెరుగుతుందా? వెంట్రుక పెరిగేది కుదురు దగ్గర. కొసన ఏం జరిగిందో కుదురుకు కబురందదు. చిట్లిన కొస తీసేస్తే చీలిక పైకి పాకదు, అంతవరకే లాభం. ఆ లాభం చిన్నదేం కాదు. చిట్లిన వెంట్రుకను ఏ నూనే, ఏ సీరమూ అతికించలేదు, పూసినంతసేపు అణిగి ఉంటుందంతే.

పోనీ కత్తిరిద్దామంటే ముహూర్తం ఏది? మంగళవారం వద్దు, శుక్రవారం అసలే వద్దు, అమావాస్య వద్దు, జన్మనక్షత్రం వద్దు, దీపాలు పెట్టాక కత్తెర ముట్టుకోవద్దు. శనివారం మాలకొండ స్వామిది, ఆ గుడి తలుపులు తీసేదే ఆ ఒక్కరోజు. మిగతావి పనిదినాలు, ఇంక తీరిక దొరికేది ఆదివారమే. ఆరోజు పార్లర్‌లో కూర్చోడానికి చోటుండదు, ఆ తొందరలోనే అంగుళాలు సాగుతాయి.

ఈ కట్టడులన్నీ తిరుమల మెట్టెక్కగానే కరిగిపోవడం మరో విశేషం. కల్యాణకట్టలో మూడు కత్తెరలు ఇస్తామంటే ఇంట్లో ఒక్కరూ టేపు తీయరు. గుండు చేయించుకున్నా "మా తల్లే" అని కళ్లు తుడుచుకుంటారు. అదే మనిషి అరంగుళం కొస పార్లర్‌లో వదిలితే అపచారం. తిరుమల తలనీలాల వేలంలో పొడవును బట్టే రకాలు, అన్నిటికన్నా పొడుగుదే మొదటి రకం. పెద్దమ్మ ఆ లెక్క ఎన్నడూ వినకపోయినా అచ్చం అదే గ్రేడింగు అమలు చేస్తుంది. మూడు కత్తెరలు ఇచ్చి వచ్చాక కొసన మూడు మెట్లు మిగులుతాయి. వాటిని వెంటనే సరిచేయించాలి, లేకపోతే చిక్కులన్నీ ఆ మెట్ల దగ్గరే మొదలవుతాయి.

ఇంట్లో కోసుకునేవాళ్లకు రెండు ముక్కలు. జడ అల్లి కొస కోయకండి. అల్లికలో పాయలు ఏటవాలుగా తిరుగుతాయి గనక, విప్పాక కొస చిత్తడిలో కోడి తొక్కిన ముగ్గులా ఉంటుంది. జాకెట్లు కోసే కత్తెర వాడకండి. అది వెంట్రుకను కోయదు, నలిపి తెంచుతుంది. నలిగిన కొస నెల తిరిగేలోగా చిట్లుతుంది. జుట్టు కత్తెర ఒకటి కొని, దాంతో పాల ప్యాకెట్టు ఎవరూ కోయకుండా బీరువాలో దాచాలి. నూనె లేకుండా తలంటి, ఆరనిచ్చాక మొదలుపెట్టండి. తడి జుట్టు సాగుతుంది. అలలున్న జుట్టయితే ఆరాక ముడుచుకుని, అంగుళం కోసిన చోట రెండు పోయినట్టు కనబడుతుంది.

నడుము దాటిన జుట్టుకు కుర్చీ పనికిరాదు. మనిషి నిలబడాలి, కోసేవాళ్లు పీట మీద కూర్చోవాలి. రెండు కాళ్ల మీదా సమంగా బరువు, చూపు ఎదురుగా. ఫోన్ చూస్తూ తల వంచితే, తల ఎత్తాక లోపలి జుట్టు పొట్టిగా, పైది పొడుగ్గా దిగుతుంది. ముందు మధ్య పాయ కోసి, పక్కలు దానికి సరిపోల్చాలి. అనుకున్నదాంట్లో సగమే తీసి, దువ్వి, చూసి, తర్వాత మిగతా సగం. మధ్య మధ్యలో, మూడు నాలుగు నెలలకోసారి, పాయను తాడులా మెలితిప్పండి. చిట్లిన కొసలు పక్కలకు పొడుచుకొస్తాయి. వాటిలో తెల్లచుక్కలు కనబడతాయి. చుక్కకు పావంగుళం పైన ఒక్కోటీ తుంచాలి. పొడవు తగ్గదు, పెద్దమ్మ కనిపెట్టలేదు.

పార్లర్‌కే పోయేట్టయితే నోటి మాట మీద పోవద్దు. దారం తేల్చిన చోట ఇంట్లోనే రబ్బరు బ్యాండు వేసి, పెద్దమ్మను, ఎదురింటి అత్తను పిలిచి చూపించండి. వాళ్లిద్దరి ఎదుటే టేపు పెట్టి, బ్యాండు కింద ఎన్ని అంగుళాలుందో కాగితం మీద రాసి సంతకాలు తీసుకోండి. పార్లర్ అమ్మాయికి ఆ బ్యాండు చూపించి "దీని కిందే" అని చెప్పండి. కోసిన ముక్కలు ఊడ్చనివ్వకుండా న్యూస్‌పేపర్‌లో పొట్లం కట్టి ఇంటికి తీసుకురండి. సాయంత్రం సీరియల్ మధ్య బ్రేక్ రాగానే పెద్దమ్మ "ఎంత తీశారమ్మే?" అంటుంది. పొట్లం విప్పి, టేపు ఆమె చేతికే ఇవ్వండి.