గుండ్రంగా తిరగడం కూడా ఒక ఆటేనా అట!

ఈరోజు అక్టోబర్ 4, స్పీడ్‌వే (మట్టి ట్రాక్ మీద మోటార్‌సైకిల్ పందెం) ఛాంపియన్ ఐవాన్ మేజర్ పుట్టినరోజు కదా అని న్యూజిలాండ్‌లోని మా క్రైస్ట్‌చర్చ్ తెలుగోళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో పెట్టి నాలుగు ముక్కలు రాశాను. అంతే. ఒక పెద్దాయన వెంటనే, "బండి మీద గుండ్రంగా తిరగడం కూడా ఒక ఆటేనామ్మా?" అని పెట్టారు. కింద వరసగా నవ్వుడు బొమ్మలు. ఆ తర్వాత ఎవరో దోసెపిండి ఎక్కడ దొరుకుతుందని అడిగితే మాత్రం అందరూ ఎంత శ్రద్ధగా చెప్పారో!

అంకుల్, మీరు ఇల్లు కొనుక్కున్న ఈ ఊరి నుంచి వెళ్లిన ముగ్గురు స్పీడ్‌వేలో ప్రపంచ ఛాంపియన్లయ్యారు. రోనీ మూర్ 2 సార్లు, బ్యారీ బ్రిగ్స్ 4, మేజర్ 6. మొత్తం 12. మనమేమో 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ గెలిచిన ఒక్క ఐపీఎల్ కప్పు గురించి ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాం.

గుండ్రంగా తిరగడమట! ఆ బండికి బ్రేకులే ఉండవు. 500 సీసీ ఇంజిన్, ట్యాంకులో పెట్రోలు కాదు, మెథనాల్. నలుగురూ ఒక్కసారే దూకుతారు, నాలుగు రౌండ్లు, దాదాపు నిమిషంలో అంతా తేలిపోతుంది. మలుపులో వెనక చక్రం జారుతూ బండి అడ్డంగా తిరిగిపోతుంటే, ఇనుప తొడుగు వేసిన ఎడమ బూటు నేలకి ఆనించి, యాక్సిలరేటర్ తగ్గించకుండా పోవాలి. ట్రాక్ పక్కన నిలబడితే మట్టి మొహాన కొడుతుంది, కాలిన ఆముదం వాసన వస్తుంది. అవును, మన ఆముదమే, ఇంజిన్ ఆయిల్‌గా పోస్తారు. స్పీడ్ బంప్ కనబడితే కారు పూర్తిగా ఆపేసి దణ్ణం పెట్టుకునే మీరా దీని గురించి మాట్లాడేది?

మేజర్ కుర్రతనంలోనే పెళ్లి చేసుకుని, భార్యతో కలిసి ఇంగ్లండ్ వెళ్లాడు. అక్కడ కుదరలేదు, తిరిగొచ్చేశాడు. మనవాళ్లయితే "చెప్పామా, బుద్ధిగా ఉద్యోగం చూసుకో" అనేవాళ్లు. ఆయన 1963లో మళ్లీ వెళ్లి న్యూకాజిల్ టీమ్‌లో చేరాడు. 1968, 69, 70లో వరసగా మూడు టైటిళ్లు. మూడోది గెలిస్తే బండికి బంగారు పూత వేయిస్తామని ఇద్దరు అమెరికన్లు మాటిచ్చారు, వేయించారు కూడా! తర్వాత 1972, 1977. ఆఖరిది 1979లో పోలండ్‌లో, నలభై నిండడానికి నెల ముందు. మన దగ్గర ఆ వయసుకి మోకాళ్ల నొప్పుల గురించే మాట్లాడతారు.

అసలు ఈ గ్రూపుకి ఆటల గురించి మాట్లాడే హక్కుందా? మొన్న ఉగాదికి "క్రీడారత్న" షీల్డు ఎవరికిచ్చారో గుర్తుందా? భోజనాలు స్పాన్సర్ చేసినాయనకి. ఆయన ఆడగా నేను చూసిన ఆట పేకాట ఒక్కటే. స్కూల్ టీమ్‌లో నెట్‌బాల్ ఆడే మనవాళ్ల పిల్ల అదే హాల్లో ప్లేట్లు అందిస్తోంది. స్టేజీ ఎక్కించి చప్పట్లు కొట్టాలని ఒక్కరికీ తోచలేదు. శాలువాలు మిగిలితే కమిటీ వాళ్లే ఒకరికొకరు కప్పుకున్నారు. నేను వెనక నిలబడి పులిహోర గిన్నెలు తోముతున్నాను, ఎప్పటిలాగే. బ్యాచిలర్ కుర్రాళ్లందరూ కుర్చీల్లో కూర్చుని రీల్స్ చూసుకుంటున్నారు.

అడ్మిన్ గారూ, ఇది మీరు చదువుతారని తెలుసు. ఫొటో డిలీట్ చేయను. వచ్చే ఉగాదికి పులిహోర ఆ క్రీడారత్న గారితోనే కలిపించండి.