యబై ఈక్వల్ టు ఆసమ్

ఈక్వల్ టు గుర్తు లెక్కల్లో ఉన్నంతకాలం దాని మానాన అది బతికింది. ఎవరి జోలికీ పోలేదు. ఏ మహానుభావుడో దాన్ని తీసుకొచ్చి జపనీస్ మాటకీ ఇంగ్లీష్ మాటకీ మధ్య కూర్చోబెట్టాడు. అప్పట్నుంచి మనకీ తిప్పలు. 'రెండు నిమిషాల్లో జపనీస్ స్లాంగ్' అని ఒక రంగురంగుల చార్టు. ఎడమ పక్క యబై, కుడి పక్క ఆసమ్, అంటే అద్భుతం. ఎడమ పక్క ఎమొయ్, కుడి పక్క ఎమోషనల్. కింద మూల నవ్వుతున్న పిల్లి బొమ్మ. పిల్లి మీసాలు మాత్రం ఎంతో శ్రద్ధగా గీశారు.

అంత పెద్ద పరిశోధన జరిగాక మనబోటివాళ్ళు నోరెత్తకూడదు. అయినా యబై గారి పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి చూద్దాం. ఈ మాట ఒకప్పుడు దొంగల పరిభాషలోది. దొరికిపోతాం, జారుకోండి అని చెవిలో ఊదే మాట. తర్వాత జనంలోకి వచ్చి 'ప్రమాదం' అయింది, 'బాగోలేదు' అయింది, చివరికి కుర్రకారు నోట్లో పడి 'అబ్బ, ఎంత బాగుందో' కూడా అయింది. జపాన్ సాంస్కృతిక వ్యవహారాల శాఖ ఏటా భాష మీద సర్వే చేస్తుంది. 2014 ఆర్థిక సంవత్సరం సర్వేలో 16 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో 90 శాతం పైగా యబైని మెచ్చుకోలుగా వాడతామన్నారు. ముసలివాళ్ళలో అలా వాడేవాళ్ళు బహుకొద్దిమంది. అంటే బామ్మ చేసిన సూపు తాగి మనవడు యబై అంటే, సూపులో ఏం పడిందోనని బామ్మ గిన్నెలోకి తొంగిచూస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే భాషలో, ఒకే సూపు ముందు దుబాసి కావాలి. చార్టుకి మాత్రం అక్కర్లేదు.

మనకిది కొత్త సంగతేం కాదు. బిర్యానీ 'అరాచకం' అన్నవాడు శాంతిభద్రతల మీద ఫిర్యాదు చేయడం లేదని మనకి తెలుసు.

ఇప్పుడు ఒక సబ్‌టైటిళ్ళ కంపెనీని ఊహించుకుందాం. అక్కడ చార్టుని గ్లాసరీ అంటారు. అందులో యబైకి ఆసమ్ అని ఒకసారి రాసుకున్నారంటే అది శాసనం. సీరియల్ అంతటా అదే రావాలి, రాకపోతే సాఫ్ట్‌వేర్ ఎర్రగీత పెడుతుంది. తెర మీద హైస్కూల్ అమ్మాయిలు ఇద్దరు టోక్యోలోని షిబుయాలో నడుస్తున్నారు. ఒకమ్మాయి క్రేప్ అనే పల్చటి తీపి అట్టు కొరికి యబై అంది. ఆసమ్. బాగానే ఉంది. పర్సు తెరిచింది, ఖాళీ. యబై. ఆసమ్. రేపు లెక్కల పరీక్ష అని గుర్తొచ్చింది. ఆసమ్. ఆఖరి రైలు కళ్ళ ముందే వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఇద్దరూ తల పట్టుకుని, ఆసమ్. ఇంతలో ఫోను మోగింది. నాన్నని ఆస్పత్రిలో చేర్చారు, పరిస్థితి యబై అట. అమ్మాయి ఏడుస్తోంది, కింద అక్షరాలు ఆసమ్ అంటున్నాయి.

అనువాదకురాలు అయిదు చోట్లా అయిదు రకాలుగా మార్చింది. క్రేప్ దగ్గర 'ఓ మై గాడ్', పర్సు దగ్గర 'అయామ్ సో బ్రోక్', పరీక్ష దగ్గర 'అయామ్ డెడ్', రైలు దగ్గర 'వియార్ స్క్రూడ్', ఆస్పత్రి దగ్గర 'ఇట్స్ బ్యాడ్'. ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలు నిజంగా అనే మాటలు. ఒక్కటీ చార్టులో యబై ఎదురుగా ఉండదు. అయిదు ఎర్రగీతలు పడ్డాయి. క్వాలిటీ చూసే సారు మెయిల్ పెట్టాడు: కన్సిస్టెన్సీ లోపించింది, దయచేసి సరిచేయగలరు.

ఆవిడ వివరించింది. సారు మూర్ఖుడేం కాదు, విన్నాడు. విని, మీటింగ్ పెట్టి, గ్లాసరీలో ఇంకో గడి చేర్చాడు. మంచి యబైకి ఆసమ్, చెడ్డ యబైకి డేంజరస్. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వారం నుంచి అమ్మాయి పర్సు డేంజరస్ అయింది, రైలు డేంజరస్ అయింది. లెక్కల పరీక్ష ఒక్కటే కొంచెం నప్పింది.

అసలు చిక్కు ఆ తర్వాతి ఎపిసోడ్‌లో వచ్చింది. ఏడాది క్రితం విడిపోయిన అబ్బాయి కొత్త హెయిర్ కట్‌తో ఎదురుపడ్డాడు. అమ్మాయి మెట్ల మీద ఆగిపోయి, గొంతు తగ్గించి, యబై అంది. ఇది మంచిదా చెడ్డదా అని సారు అడిగాడు. అనువాదకురాలు తెలీదంది. ఎవరికి తెలుస్తుంది అన్నాడు. ఆ అమ్మాయికే ఇంకా తెలీదండీ, మూడు ఎపిసోడ్లు పోయాక తెలుస్తుంది, ఆ తెలియకపోవడమే అక్కడ యబై అంది. సారు చాలాసేపు ఆలోచించి, గడి ఖాళీగా ఉంచితే సాఫ్ట్‌వేర్ సేవ్ చేయదు అన్నాడు. ఆవిడ 'ఓ నో' అని రాసింది. ఎర్రగీత.

ఎమొయ్ కథ ఇంకా బాధాకరం. ఆ పిల్ల ఇంగ్లీష్ వాళ్ళ ఆడపడుచే. ఎమోషనల్ తోక కత్తిరించి, చివర జపనీస్ విశేషణాలకుండే 'ఇ' తగిలించారు. అంతే, వ్యాకరణం మొత్తం వచ్చి వాలింది. భూతకాలంలో 'ఎమొకత్తా' అని కూడా అంటారు. 2016లో సాన్సేయిదో నిఘంటువు వాళ్ళు ఆ ఏటి కొత్త మాటల్లో దానికి రెండో స్థానం ఇచ్చారు. సాయంత్రపు ఎండలో పాత బడి మెట్లు, ఫిల్మ్ కెమెరాతో తీసిన మసక ఫోటో, ఇవి ఎమొయ్. అదే ఇంగ్లీష్‌లోకి తిరిగొచ్చి ఎమోషనల్ అయితే ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారనుకుంటారు. పుట్టింటికి వచ్చిన పిల్లని వాకిట్లోనే ఎవరమ్మా నువ్వు అన్నట్టు.

ఇక రెండో పార్టీ ఉంది. వీళ్ళు చార్టు వేయరు, కళ్ళు అరమోడ్చి 'ఇది తర్జుమాకి లొంగదు' అంటారు. పాతరోజుల్లో ఫ్యాన్స్ చేసిందని చెప్పే సబ్‌టైటిల్ ఒకటి ఇప్పటికీ జోకుగా తిరుగుతోంది. ప్లాన్ అని రాస్తే పోయేదానికి కేయికాకు అని జపనీస్ మాటే ఉంచేసి, పైన 'కేయికాకు అంటే ప్లాన్' అని నోట్ పెట్టారు. ఆ వంశం ఇంకా వర్ధిల్లుతోంది.

లొంగదట! ఎగుయ్ సంగతి చూడండి. పచ్చి చేమదుంప, వెదురు మొలక సరిగ్గా ఉడక్కపోతే గొంతులో గీరుకుంటుందే, ఆ రుచి ఎగుయ్. ఇప్పుడు బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్ వేసిన ఫోర్క్‌బాల్ బ్యాటర్ ముందుకొచ్చి కిందికి పడిపోతే, చూసేవాళ్ళు ఎగుయ్ అంటారు. చార్టులో దీనికీ ఆసమే. కానీ అమెరికాలో బేస్‌బాల్ చూసేవాళ్ళు అలాంటి బంతిని ఎప్పట్నుంచో 'ఫిల్తీ' అంటున్నారు, 'నాస్టీ' అంటున్నారు. రోత మాటనే పొగడ్తగా వాడటం వాళ్ళకీ ఉంది. రెండు దేశాలు, ఒకే బంతి, ఒకే వెగటు. ఆ మాట దొరకాలంటే జపనీస్ వస్తే చాలదు, ఇంగ్లీష్ వస్తే చాలదు, బేస్‌బాల్ చూసి ఉండాలి. కిమొయ్, అంటే ఛీ అసహ్యం, అన్న పిల్లకి కొన్నిసార్లు ఇంగ్లీష్‌లో విశేషణమే అక్కర్లేదు, ముక్కు చిట్లించి 'ఈయూ' అంటే అయిపోతుంది. లైనుకి 42 అక్షరాల హద్దులో, రెండు మూడు సెకన్లలో, ఇదంతా ఒక మనిషి చేస్తోంది.

ఆ మనిషికి ఇస్తున్నదేమిటి? 2024లో జపాన్‌లో ఒక కంపెనీ దాదాపు 300 కోట్ల యెన్ల పెట్టుబడి తెచ్చుకుంది. ఏఐతో అయిదేళ్ళలో 50,000 మాంగా పుస్తకాలు, అంటే జపాన్ బొమ్మల కథలు, ఇంగ్లీష్‌లోకి తెస్తామంది. ఆ జూన్‌లోనే జపాన్ అనువాదకుల సంఘం ప్రకటన ఇచ్చింది: నుడికారం, పాత్రల స్వభావం యంత్రానికి పట్టుబడటం లేదు, ఇది మాంగాకే నష్టం అని. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. ఆ మెట్ల మీద అమ్మాయి గొంతు ఎందుకు తగ్గిందో ఒక పూటంతా ఆలోచించి 'ఓ నో' అని రెండు మాటలు రాసిన మనిషిని ఖర్చు అంటారా? వందల కోట్లు యంత్రానికి దొరుకుతాయి, ఆవిడ రేటు పెంచమంటే బడ్జెట్ లేదా? సిగ్గుండాలి. తెలుగువాళ్ళం కోడూరులో, కూకట్‌పల్లిలో కూర్చుని అనిమే అనే జపాన్ కార్టూన్లు చూసి నవ్వినా ఏడ్చినా, జపనీస్ రాని మనలో చాలామందికి అది ఆ కింది లైను దయే.

ఇప్పుడు ఆవిడకి ఇచ్చే పని పేరు పోస్ట్ ఎడిటింగ్. యంత్రం ముందే ఆసమ్ ఆసమ్ అని రాసి పెడుతుంది, ఆవిడ ఊరికే ఒకసారి చూసిపెడితే చాలట. చూసిపెట్టడమంటే మొత్తం కొట్టేసి మళ్ళీ రాయడమని పంపేవాళ్ళకీ తెలుసు, చేసేవాళ్ళకీ తెలుసు. బిల్లులో మాత్రం చూసిపెట్టినందుకే డబ్బులు.