ఆరో ఫారం

పుస్తకం వెయ్యడంలో రాయడం చాలా చిన్న పని. దాన్ని పెద్దగా చెప్పుకునేది అనుభవం లేని రచయితలేనని నాకు ఈ మధ్యే తెలిసింది. వచ్చే నెల అమలాపురంలో నా కథల సంపుటి ఆవిష్కరణ. హాలు మాట్లాడేశాం, శాలువాలు కొనేశాం. వేదిక మీద కూర్చునేవాళ్లు పదకొండు మంది. కథలు ఎనిమిది.

డీటీపీ చేసే అబ్బాయి లెక్క కట్టి, అయిదు ఫారాలే వచ్చిందన్నాడు. డెమ్మీ 1/8 సైజులో ఫారానికి 16 పేజీలు, అంటే మొత్తం 80. "ఇంత పల్చటి పుస్తకానికి వీపు మీద పేరు పట్టదండి. బీరువాలో నిలబెడితే ఎవరిదో కూడా తెలీదు" అన్నాడు. ఇంకో కథ రాయాలంటే నాకు ఏడాది పడుతుంది. ముందుమాటైతే ఎవరో ఒకరు రాసిపెడతారు. అలా నలుగురు పెద్దల ముందుమాటలు, ‘నా మాట’, కృతజ్ఞతలు కలిపి ఆరో ఫారం నింపాం. పుస్తకానికి వీపొచ్చింది.

1874లో పత్రిక పెట్టి, తర్వాత రాజమండ్రిలో సొంత ప్రెస్సే పెట్టుకున్న వీరేశలింగం పంతులుగారికి పేచీ అంతా సంఘంతోనే. మాకు ఫాంటుతో. ఫోన్లో కొట్టిన కథల్ని డీటీపీ ఫాంటులోకి మారిస్తే వత్తులు ఊడిపోయి, కొత్త అల్లుడు కాస్తా ‘కొత అలుడు’ అయ్యాడు. ప్రూఫు దిద్దుదామంటే టైమేదీ? ప్రచారం చూసుకోవద్దూ?

రావులపాలెం సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాం. మేనల్లుళ్ల ఫొటోలు వెయ్యకపోతే బాగోదన్నారు, అయిదుగురినీ పైన వరసగా వేశాం. మధ్యలో నేను, నిలువెత్తున, నమస్కారం పెడుతూ. మిగిలిన జాగాలో పుస్తకం అట్ట, అగ్గిపెట్టంత. మర్నాడు అరటిగెలల దగ్గర ఒకాయన ఆపి, "సర్పంచికాండీ, ఎంపీటీసీకాండీ?" అని ఎంతో గౌరవంగా అడిగాడు.

అచ్చుకి ముందే డబ్బు కట్టినవాళ్లకి 150 రూపాయల పుస్తకం వందకే, పైగా ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. ఇందులో నాకు ఎంత పోతుందో మా ఆవిడ లెక్క కట్టి గోడ మీద రాసింది. పెట్టెలు ముందుగానే పంపించాను. "పుస్తకం నిదానంగా పంపండి, తొందరేం లేదండీ" అని అందరూ ఒకటే మాట. ఒకాయన రెండో కాపీ కూడా బుక్ చేసుకున్నాడు. ఈసారి బెల్లంవి పంపమన్నాడు.

అమ్మకాల గురించి నాకు బెంగ లేదు. 1954 నాటి చట్టం ప్రకారం, ప్రచురించినవాడు 30 రోజుల్లోగా సొంత ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, మరో మూడు గ్రంథాలయాలకి తలొకటి పంపాలి. నాలుగు కాపీలు ఖాయం. తెలుగు కథలకి ఇంత గ్యారంటీ ఇంకెవరిస్తారు?

చిక్కల్లా నాలుగో ముందుమాటతో వచ్చింది. రాసినాయన చాలా పెద్దమనిషి. ఆయనకి కథలు పంపడం నేను మర్చిపోయాను, అడగడం ఆయన మర్చిపోయారు. ముందుమాట మాత్రం చెప్పిన రోజుకి ఠంచనుగా వచ్చింది. వరదలో మునిగిన లంకలో ఒంటరిగా మిగిలిపోయిన ముసలాయన కథ చదివి ఆ రాత్రంతా నిద్ర పట్టలేదట ఆయనకి.

నా ఎనిమిది కథల్లోనూ వరద లేదు. లంకా లేదు.

అంతటివాడితో ఆ మాట ఎలా అంటాం? అందుకని ఆ కథే రాయడానికి కూర్చున్నాను. ఇప్పటికి ధవళేశ్వరం దగ్గర నీళ్లు 17.75 అడుగులకి చేరి, మూడో ప్రమాద హెచ్చరిక కూడా ఇచ్చేశాను. ముసలాయన పాక చూరు మీద కూర్చున్నాడు. పడవ వచ్చిందో లేదో ముందుమాటలో రాయలేదు, ఫోన్ చేసి అడిగితే బాగోదు.