ఆ "ఒకవేళ" దగ్గరే వస్తోంది తంటా

చర్చి సంఘంలో నొచ్చుకున్నవాళ్లు పెద్ద మనసుతో క్షమించేస్తేనే ఐక్యత నిలుస్తుందని క్షమాపణ మీద నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. కాదనను. కానీ బైబిల్లో మత్తయి 5:23-24 చూడండి. అర్పణను బలిపీఠం ముందే వదిలేసి వెళ్లి సమాధానపడమన్నది ఎవరిని? తన మీద సహోదరునికి విరోధం ఉందని గుర్తొచ్చినవాణ్ని. అంటే ముందు కదలాల్సింది బాధపెట్టినవాడే. ఈ వచనం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) రోజున చదువుతాం, చదివి ఎవరి బెంచీలో వాళ్లం కూర్చునే ఉంటాం.

క్వయర్ (చర్చి పాటల బృందం) విషయంలో మా సంఘ పెద్ద ఒకాయన నన్ను అందరి ముందూ కసిరారు. నెల తర్వాత ఫోన్ చేసి "ఒకవేళ నీకు బాధ కలిగి ఉంటే సారీ అమ్మా" అన్నారు. ఆ "ఒకవేళ" వినగానే మనసు ముడుచుకుపోయింది. ఫర్వాలేదండీ అన్నాను గానీ, ఆ తర్వాత మూడు ఆదివారాలు ఆయన ప్రార్థన చేస్తుంటే కళ్లు మూసుకోలేకపోయాను. (నేనూ తక్కువేం కాదు. ఆ రోజు పాటల పుస్తకం బల్ల మీద విసిరినట్టే పెట్టాను. దానికి ఇంతవరకు సారీ చెప్పలేదు.)

సువార్త ప్రయాణంలో తోడుగా వచ్చిన మార్కు పంఫూలియలో తమను వదిలి వెళ్లిపోయాడని, మళ్లీ వెంట తీసుకెళ్లడానికి అపొస్తలుడు పౌలు ఒప్పుకోలేదు. ఆ తగవులో తన తోటి సేవకుడు బర్నబాతోనే విడిపోయాడు (అపొ. కార్యములు 15). అదే పౌలు 2 తిమోతి 4:11లో మార్కును వెంటబెట్టుకు రమ్మని, పరిచర్యకు తనకు పనికొస్తాడని రాశాడు. మధ్యలో ఏళ్లు గడిచాయి. వచ్చే ఆదివారం లోపు అంతా సర్దుకోవాలని తొందరపెట్టేవాళ్లకు ఇది ఎందుకు గుర్తురాదో మరి.