పప్పులో స్థానికత ఎంత?

బెంగళూరు బొమ్మనహళ్ళి దగ్గర ఒక ఆంధ్రా మెస్సులో పప్పన్నం కలుపుకుంటూ ఉండగా నాకు దేశ ఆర్థిక విధానం బోధపడింది. ఆలస్యంగానే అనుకోండి, అయినా ఎల్లో లైను మెట్రో అంత ఆలస్యం కాదు.

బెంగళూరు మెట్రోకి 216 బోగీల కాంట్రాక్టు 2019లో ఒక చైనా కంపెనీకి దక్కింది. పన్నెండు చైనా నుంచి తెచ్చుకోవచ్చు, మిగతావన్నీ ఇక్కడే తయారవ్వాలి. ఆ కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టలేకపోయింది. చివరికి కలకత్తా దగ్గరి టీటాగఢ్ కంపెనీ వాళ్ళు పని అందుకున్నారు. మధ్యలో చైనా ఇంజనీర్ల వీసాల తంటా ఒకటి. 2025 ఆగస్టులో లైను మొదలైననాడు ఉన్నవి మూడే రైళ్ళు, ఇరవై అయిదు నిమిషాలకొకటి. పైన వంతెన మాత్రం ఎప్పుడో తయారై, కింద సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మాకు నీడ పట్టింది. ఆ నీడ నూటికి నూరుపాళ్ళూ స్వదేశీ.

నియమాన్ని తప్పుపట్టడం లేదు. సర్కారు కొనే సరుకులో సగం విలువ ఇక్కడిదైతే ఒకటో తరగతి స్థానికం, ఇరవై శాతమైనా ఉంటే రెండో తరగతి. పది కోట్లు దాటిన కొనుగోలుకి ఆ శాతం మీద ఆడిటర్ సంతకం కావాలి, లోపలైతే అమ్మేవాడి మాటే ప్రమాణం.

పెట్టుబడికి ఈ బాధ లేదు. బెంగళూరు దేవనహళ్ళి ఎయిర్‌పోర్టులో రాష్ట్రానిదీ కేంద్రానిదీ చెరో 13 శాతం, పెద్ద వాటా కెనడా వాళ్ళది. డబ్బుని ఊరడగం, బోల్టుని గోత్రమడుగుతాం. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, సరిహద్దు దేశాల డబ్బు వస్తే ముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలని 2020 ఏప్రిల్‌లో షరతు పెట్టాం. ఎంతైనా, కెనడాతో మనకి గట్టు తగాదాలుండవు కదా!

సరే, నా కంచానికొస్తాను. గోంగూర గుంటూరుది, బియ్యం రాయచూరువి, వడ్డించే కుర్రాడు ఒడిశా నుంచొచ్చాడు. నూనె పామాయిల్ కాబట్టి ఇండోనేషియానో మలేషియానో. మరి పప్పు?

ప్రొద్దుటూరు నుంచొచ్చి మెస్సు పెట్టిన అన్నని అడిగాను. బస్తా మీద కలబుర్గి మిల్లు ముద్ర ఉంది. కంది పంటకి పేరున్న ఊరు. హమ్మయ్య, ఒకటో తరగతి అనుకున్నాను.

"మిల్లు కలబుర్గిదే. గింజలు మాత్రం ఆఫ్రికావంట," అన్నాడు.

"అయితే స్థానికం ఎట్లా అవుతుందన్నా?"

గరిటె పప్పు నా కంచంలో బోర్లించి, నెయ్యి గిన్నె ముందుకి జరిపాడు. "పొట్టు తీసింది ఈడే కదా సామీ. ఎంత శాతం రాసుకుంటావో రాసుకో."